కాంక్రీటు పోయకముందే

(స్వర్ణోత్సవ సభలో 1985 బ్యాచ్ పూర్వ విద్యార్థి, విద్యుత్ ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఎయిర్‌పోర్టుల్లో పని చేస్తివి కదప్పా, ఏదన్నా విమానాల సంగతి చెప్పు, పిల్లోళ్లు ఇంటారు" అన్నాడు. సరేనన్నాను గానీ, విమానం గాల్లోకి లేచాక దాని సంగతి నాకు పెద్దగా తెలీదు. ఎలక్ట్రికల్ చదివి, దాదాపు ముప్పై ఏళ్లుగా నేను చేసిందంతా నేల మీద పనే. విమానం వచ్చి ఆగాక దానికి కరెంటు ఇవ్వడం, చల్లగాలి ఇవ్వడం, రన్‌వే దీపాలు వెలిగేలా చూడటం. అందుకని విమానం నేల మీద ఉన్నంతసేపు వదిలే పొగ సంగతి చెప్తాను. అది ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దాన్ని తగ్గించడానికి ఏం చేయొచ్చు అన్నదే ఈ మాటల సారం. హైదరాబాదోళ్ల, ఢిల్లీవాళ్ల గొడవ మనకెందుకు అనుకోవద్దు. మనకెందుకో ముందు చెప్పి తర్వాత యంత్రాల జోలికి పోతాను.

మనం చదువుకునే రోజుల్లో ఆకాశంలో విమానం చప్పుడైతే క్లాసు క్లాసంతా కిటికీల దగ్గరికి పరిగెత్తేది. ఇప్పుడు కర్నూలు–కడప దారికి ఈ కొసన ఒక విమానాశ్రయం, ఆ కొసన ఒకటి. కడపలోని పాత ఎయిర్‌స్ట్రిప్పును బాగుచేసి 2015 జూన్‌లో తెరిచారు. ఉడాన్ పథకం మొదలైన రోజున, అంటే 2017 ఏప్రిల్ 27న, దేశంలో జెండా ఊపి పంపిన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాదు విమానం ఒకటి. ఓర్వకల్లు విమానాశ్రయాన్ని ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరుతో 2021 మార్చి 25న ప్రారంభించారు. మూడు రోజులకు బెంగళూరు, విశాఖపట్నం, చెన్నై సర్వీసులు మొదలయ్యాయి.

ఇవాళ్టికి రెండుచోట్లా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని విమానాలే. అయితే 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశం మొత్తం మీద 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపినప్పుడు మన రాష్ట్రానికి దక్కిన రెండూ ఏవో గుర్తు చేసుకోండి. ఒకటి ఓర్వకల్లు, రెండోది కొప్పర్తి. ఒకటి కర్నూలు విమానాశ్రయానికి దగ్గర, ఇంకొకటి కడప విమానాశ్రయానికి దగ్గర. ఫ్యాక్టరీలు వస్తే జనం వస్తారు, జనం వస్తే విమానాలు వస్తాయి. విమానాశ్రయం ఊరికి దూరంగా ఉందిలే అనే ధీమా కూడా ఎల్లకాలం నిలవదు. బేగంపేట ఒకప్పుడు ఊరి బయటే ఉండేది. హైదరాబాదు దాని చుట్టూ అల్లుకుపోయింది. చివరకు 2008 మార్చిలో విమానాలన్నిటినీ శంషాబాదుకు తరలించారు. రాజధాని కాబట్టి స్థలం దొరికింది, డబ్బు పుట్టింది. ఓర్వకల్లును ఇంకో చోటికి ఎత్తుకుపోయే స్తోమత మనకు ఎప్పటికీ రాదు.

ఇప్పుడు పొగ సంగతి. మా పీఎస్ సారు ముందు వరుసలోనే కూర్చున్నారు, తప్పు చెప్తే లేచి నిలబెడతారని భయంగానే ఉంది. సంపూర్ణ దహనం, అసంపూర్ణ దహనం అని ఆయన చెప్పిన పాఠమే ఇదంతా. పొయ్యి బాగా రాజుకుంటే మంట, రాజుకోకపోతే పొగ. విమానం ఇంజను కూడా ఆ పొయ్యి లాంటిదే. టేకాఫ్ సమయంలో పూర్తి బలంతో మండుతుంది. ఆ వేడికి గాలిలోని నైట్రోజను కూడా ఆక్సిజనుతో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. అదే ఇంజను నేల మీద పాకేటప్పుడు తన బలంలో ఏ ఏడు శాతమో వాడుతుంది. అప్పుడది పచ్చి కట్టెల పొయ్యి. సగం కాలిన ఇంధనం, కార్బన్ మోనాక్సైడు అప్పుడే ఎక్కువ.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అందరూ ఐకావో అంటారు, ఇంజన్ల కాలుష్యం కొలవడానికి ఒక నమూనా లెక్క పెట్టుకుంది. 3,000 అడుగుల ఎత్తు నుంచి దిగి, ఆగి, మళ్లీ 3,000 అడుగులు ఎక్కేదాకా. అందులో దిగడానికి 4 నిమిషాలు, టేకాఫ్‌కు 42 సెకన్లు, పైకెక్కడానికి 2.2 నిమిషాలు. నేల మీద పాకడానికి, వరుసలో నిలబడటానికి ఎంతో తెలుసా? 26 నిమిషాలు. మన ఊళ్లలో అంతసేపు పట్టదనుకోండి, అది పెద్ద విమానాశ్రయాల లెక్క. అయినా అసలు విషయం అందులో కనబడుతుంది. విమానం ఎగరడం గురించి మనం చేయగలిగింది తక్కువ. అది ఎగరకుండా నేల మీద గడిపే సమయం మాత్రం విమానాశ్రయం నడిపేవాళ్ల చేతిలో ఉంటుంది.

ఇంధనం గురించి ఒక ముక్క. విమానాల్లో పోసేది శుద్ధి చేసిన కిరసనాయిలు లాంటిదే. 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బీఎస్ 6 డీజిలులో గంధకం పది లక్షల వంతుల్లో 10 వంతులకు మించకూడదు. విమాన ఇంధనానికి ఆ హద్దు 3,000. ఆచరణలో అంతకంటే బాగా తక్కువే ఉంటుంది గానీ, రోడ్డు మీద లారీకి పెట్టిన కట్టుదిట్టం విమానానికి లేదని అర్థమవుతుంది. వంటనూనెలు, వ్యవసాయ వ్యర్థాల నుంచి తీసే ఇంధనం కలపాలని ప్రభుత్వం లక్ష్యాలు పెట్టింది. 2027కు అంతర్జాతీయ విమానాల్లో 1 శాతం. మంచిదే, కానీ అది మన చేతిలో లేని పని, అక్కడ ఆగుతాను.

పొగ ఎంత దూరం పోతుంది? ఇది సేద్యం ఇళ్ల నుంచి వచ్చిన మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కల్లంలో బుడ్డలు తూర్పారబట్టేవాళ్లు గాలివాటం చూడకుండా చేట ఎత్తరు. గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు నాలుగు బారల అవతల పడుతుంది, సన్నటి నుసి పక్క చేనికి పోతుంది. గాలిలో కణాలు కూడా అంతే. పది మైక్రాన్ల దాకా ఉన్నదాన్ని పీఎం 10 అంటాం, రెండున్నర మైక్రాన్ల లోపుది పీఎం 2.5. మన వెంట్రుక మందం యాభై, అరవై మైక్రాన్లు ఉంటుంది, పోల్చి చూసుకోండి. విమానం ఇంజను వదిలేవాటిలో ఎక్కువ భాగం వీటికంటే సన్నం, మైక్రానులో పదో వంతు కూడా ఉండవు. తూకం వేస్తే ఏమీ తూగవు. లెక్కపెడితే కోట్లుంటాయి. అవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోయి రక్తంలో కలవగలవు. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం దగ్గర కొలిచి 2014లో ప్రచురించిన అధ్యయనంలో గాలి వాలున 16 కిలోమీటర్ల దాకా ఈ కణాల సంఖ్య పెరిగి ఉన్నట్టు తేలింది. అక్కడ విమానాల రద్దీ వేరు, మనది వేరు, అంతే భయం ఇక్కడ పెట్టుకోనక్కర్లేదు. ఆ 16 కిలోమీటర్లు మాత్రం గుర్తుంచుకోండి. ఆషాఢంలో మన పడమటి గాలి ఎట్లా వీస్తుందో తెలిసినవాళ్లం కదా.

నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. కర్నూలు గాలి బాగాలేకపోవడానికి విమానాశ్రయం కారణం కాదు. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం ప్రకటించినప్పుడే, అంటే ఓర్వకల్లులో ఒక్క ప్రయాణికుల సర్వీసు కూడా మొదలు కాకముందే, ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో కర్నూలు ఉంది. తర్వాత కడప కూడా చేరింది. పీఎం 10 ఏడాది సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. మన కష్టం ముఖ్యంగా దుమ్ముతోనే. రోడ్ల దుమ్ము, నాపరాయి కోసి పాలిషు పట్టే దుమ్ము, యర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము, లారీల పొగ. అందులో విమానాశ్రయం వాటా చిన్నది. అయితే మరి ఎందుకు దాని గురించి మాట్లాడటం? దానికి నాకు రెండు కారణాలున్నాయి.

ఒకటి, అక్కడ పని చేసేవాళ్లు. ప్రయాణికుడు పది నిమిషాలు ఆ గాలి పీల్చి వెళ్లిపోతాడు. సామాను ఎక్కించే కుర్రాడు ఎనిమిది గంటలు విమానం పొట్ట కిందే ఉంటాడు. నేను పని చేసిన ఒకచోట మన ఆళ్లగడ్డ వైపు పిల్లోడు ఒకడు లోడరుగా ఉండేవాడు. "సార్, డ్యూటీ దిగి ఇంటికి పోతే మా యమ్మ కిరసనాయిలు వాసన వస్తాందని చొక్కా వాకిట్లోనే ఇప్పమంటాది" అని నవ్వుతూ చెప్పాడు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ విమానాశ్రయంలో ఇలాంటి పనివాళ్ల కోసమే గాలి కొలిచారు. విమానాలు ఆగే కాంక్రీటు ఆవరణ ఉంటుంది, దాన్ని మేము ఏప్రన్ అంటాం. అక్కడ అతి సన్నటి కణాల సంఖ్య ఊళ్లోని రద్దీ వీధికంటే ఎక్కువ వచ్చింది. దాని తర్వాత కార్మిక సంఘం, యాజమాన్యం కలిసి కూర్చుని, విమానంలోని చిన్న ఇంజను ఎన్ని నిమిషాలు నడపొచ్చో హద్దు పెట్టారు, ఆగిన బండి ఇంజను ఆపేయడం అలవాటు చేశారు. ఓర్వకల్లులో, కడపలో ఆ పనులకు పోయేది మన బడి పిల్లలు, మన బడి లాంటి బడుల పిల్లలు.

రెండో కారణం, విమానాశ్రయం లోపల ప్రతి బండికీ ఒక పర్మిట్ ఉంటుంది, ప్రతి డ్రైవరుకూ ఒక పర్మిట్ ఉంటుంది. ఊళ్లో ఆటోలన్నిటినీ ఒక్కరోజులో మార్చలేం. ఎయిర్‌పోర్టు కంచె లోపల మాత్రం "ఫలానా తేదీ తర్వాత కొత్త డీజిల్ ట్రాక్టరుకు పర్మిట్ ఇవ్వం" అని ఒక్క కాగితం రాస్తే చాలు. జిల్లా మొత్తం మీద అంత అధికారం ఒకే చేతిలో ఉన్న చోటు ఇంకోటి లేదు. సామాను ట్రాలీలు లాగే ట్రాక్టర్లు, మెట్ల బండ్లు, బస్సులు రోజుకు కొద్ది కిలోమీటర్లే తిరుగుతాయి, మధ్యలో గంటలు గంటలు ఖాళీగా ఉంటాయి. బ్యాటరీ బండికి అంతకంటే అనువైన పని ఇంకేముంటుంది? ఇది ఇప్పటికే పెద్ద విమానాశ్రయాల్లో జరుగుతోంది, కొత్త విద్య కాదు.

ఇక నా పనికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఓర్చుకోండి.

పెద్ద విమానాల తోక చివర ఒక చిన్న రంధ్రం కనబడుతుంది. అందులో ఒక బుల్లి ఇంజను ఉంటుంది, దాన్ని ఏపీయూ అంటారు. పెద్ద ఇంజన్లు ఆపేసినా లోపల దీపాలు వెలగాలి, ఏసీ నడవాలి కాబట్టి దాన్ని నడుపుతారు. ఎయిర్‌బస్ 320 లాంటి విమానంలో అది గంటకు వంద కిలోలకు అటూ ఇటూగా ఇంధనం తాగుతుంది. ఒక కిలో ఇంధనం కాలితే మూడు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడు. ఇదంతా దేనికి? ఒక అరవై డెబ్బై ఇళ్లకు సరిపోయే కరెంటు, కాస్త చల్లగాలి. ఆ రెండూ నేల మీద నుంచి ఇచ్చేస్తే ఆ బుల్లి ఇంజనుతో పని లేదు. విమానానికి కావలసిన కరెంటు మన ఇంటి కరెంటు లాంటిది కాదు. ఇంట్లో సెకనుకు 50 ఆవృత్తులు, విమానంలో 400. ఆవృత్తులు పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్లు చిన్నవవుతాయి, బరువు తగ్గుతుంది. విమానంలో ప్రతి కిలోకూ లెక్కే కదా. ఆ మార్పు చేసే పెట్టె ఒకటి, కేబులు ఒకటి, అంతే సరంజామా.

కానీ మన కర్నూలుకు, కడపకు ఎక్కువగా వచ్చింది ఏటీఆర్ 72 రకం విమానాలు, పంకాలతో ఎగిరేవి. వాటికి ఏపీయూ లేదు. దానికి బదులు కుడివైపు ఇంజనును ఆపకుండా, దాని పంకాకు మాత్రం బ్రేకు వేసి, ఇంజను లోపలి భాగాన్ని నడుపుతూ ఉంటారు. కరెంటు, ఏసీ గాలి దాన్నుంచే వస్తాయి. దీనికి పేరు హోటల్ మోడ్. పేరు బాగానే ఉంది, ఇడ్లీ సాంబారు మాత్రం దొరకదు. ఒక పూర్తి ఇంజను ప్రయాణికుల పక్కనే మండుతూ ఉంటుంది. మీరు ఏటీఆర్ ఎక్కేటప్పుడు ఆ పక్క పంకా నిలబడి ఉన్నా హోరు వినబడితే, అదే ఇది.

"నేల కరెంటు ఇస్తే సరిపోతుంది కదా" అని చల్లటి దేశాల పుస్తకాలు చదివినవాళ్లు అంటారు. మన దగ్గర సరిపోదు. నేను పని చేసిన ఒక పెద్ద విమానాశ్రయంలో ప్రతి బే దగ్గరా కరెంటు కేబుళ్లు, చల్లగాలి గొట్టాలు బ్రహ్మాండంగా బిగించారు. ఆరు నెలలైనా ఏపీయూలు మోగుతూనే ఉన్నాయి. పైలట్లకు బాధ్యత లేదని ఆఫీసులో ఒక మాట పుట్టింది. నేను ఒక మే నెల మధ్యాహ్నం థర్మామీటరు పట్టుకుని గొట్టం వెంట నడిచాను. యంత్రం దగ్గర చల్లగా బయలుదేరిన గాలి విమానం దగ్గరికి చేరేసరికి గోరువెచ్చగా ఉంది. గొట్టం కావలసిన దానికంటే రెండింతలు పొడుగు, కాలిపోతున్న కాంక్రీటు మీద పాములాగా మెలికలు తిరిగి పడి ఉంది. ప్రతి మెలిక దగ్గరా గాలి సగం ఆగిపోతోంది. లోపల నూట ఎనభై మంది చెమటలు కక్కుతుంటే ఏ పైలట్ అయినా ఏపీయూ వేయక ఏం చేస్తాడు?

మేము చేసిన పనులు చెప్తే మీరు నవ్వుతారు. గొట్టాలు కత్తిరించి పొట్టి చేశాం. నేల తగలకుండా పైనుంచి వేలాడదీశాం. వేడి పట్టని తొడుగు వేశాం. విమానం వచ్చే ఐదు నిమిషాల ముందే యంత్రం వేసి గొట్టాన్ని చల్లబరిచి పెట్టడం మొదలుపెట్టాం. దిగేవాళ్లు కిటికీ రెప్పలు మూసి దిగేలా సిబ్బంది చేత చెప్పించాం. దాంతో ఏపీయూలు వాటంతట అవే ఆగడం మొదలైంది. ఎవరినీ జరిమానా వేసి భయపెట్టలేదు. మన ఎండల్లో చల్లగాలి ఇవ్వకుండా పొగ ఆపమంటే ఎవరూ ఆపరు. ఓర్వకల్లుకైనా, కడపకైనా ముందు కొనాల్సింది మంచి చల్లగాలి బండి. హోటల్ మోడ్ వేయకుండా అరగంట ఓపిక పట్టగలిగేంత చల్లదనం కావాలి.

ఇక్కడే సమయం సంగతి వస్తుంది. ఏప్రన్ అంటే మూరకు దగ్గర మందం కాంక్రీటు. దాన్ని పోయకముందు కేబుళ్లకు గొట్టాలు, మూతల గుంతలు వేసుకుంటే ఖర్చు మొత్తంలో అది ఉప్పూ కారం లెక్క. పోశాక వేయాలంటే తవ్వాలి, తవ్వితే బే మూయాలి, బే మూస్తే విమానం ఎక్కడ ఆగాలి? అందుకే ఆ పని ఎవరూ చేయరు, డీజిల్ జనరేటరు తెచ్చి పక్కన పెడతారు. అది ఇరవై ఏళ్లు అక్కడే పొగ కక్కుతుంది. పెద్ద విమానాశ్రయాల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే. మన రెండుచోట్లా విస్తరణ ఎప్పుడు మొదలైనా, డ్రాయింగ్ కాగితం మీద ఉన్నప్పుడే ఆ గొట్టాల గీతలు ఉన్నాయో లేదో చూసేవాళ్లు ఒకరు కావాలి. ఈ హాలులో సివిల్ ఇంజినీర్లు, పంచాయతీరాజ్‌లో, ఆర్ అండ్ బీలో చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు కనీసం ఇరవై మంది కనబడుతున్నారు. వాళ్లకు చెప్తున్నాను.

కరెంటు అన్నాక ఒక ప్రశ్న రావాలి. పీఎస్ సారు అయితే వెంటనే అడిగేవారు. కరెంటు ఎక్కడిది? ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది, 1,650 మెగావాట్లు, బొగ్గు. ఏప్రన్ మీద పొగ ఆపి ఆ పొగను ముద్దనూరు చిమ్నీలోంచి వదిలితే లోడరు పిల్లోడికి మేలు జరుగుతుంది, ముద్దనూరు పిల్లోళ్ల సంగతి ఏమిటి? ఇందులో కర్నూలుకు ఒక అదృష్టం ఉంది. ఓర్వకల్లు పక్కనే గని, శకునాల ఊళ్ల భూముల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయినప్పుడు ఒకేచోట ఉన్న సోలార్ పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదని పేరు పొందింది. మనల్ని ఇన్నాళ్లూ మాడ్చిన ఎండే అది. కొచ్చి విమానాశ్రయం 2015లో 12 మెగావాట్ల పలకలతో తన కరెంటు తానే పండించుకోవడం మొదలుపెట్టింది, అదీ వానలు దంచికొట్టే కేరళలో. మనకు పగటి విమానాలు, పగటి ఎండ, రెండూ ఒకే వేళకు. దీనికంటే తేలికైన లెక్క పరీక్షలో కూడా రాదు.

విమానాశ్రయానికి వచ్చే కార్ల గురించి ఎవరూ మాట్లాడరు. నేను వేసిన చేతిలెక్క ఒకటి చెప్తాను. ఒక ఏటీఆర్‌కు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిపి అరవై కార్లు వచ్చాయనుకుందాం. పోను రాను 40 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్లు. 160 లీటర్లు అవుతుంది. ఆ విమానం నేల మీద అరగంట ఉండి తాగేదానికంటే ఇది తక్కువేమీ కాదు. హైదరాబాదులో 2019 నుంచి ఆర్టీసీ పుష్పక్ సర్వీసుల్లో ఎలక్ట్రిక్ బస్సులు తిప్పింది. ఓర్వకల్లుకు విమానం వేళకు ఒక బస్సు, నంద్యాల వైపు ఒకటి, చాలు. సాగనంపడానికి ఇంటిల్లిపాదీ రెండు కార్లలో రావడం మన ప్రేమ, దాన్ని నేనేమీ అనను.

దుమ్ముకు మందు పెద్ద ఊళ్లలో ట్యాంకరు నీళ్లు. మనకు తాగే నీళ్లకే కటకట, దుమ్ము మీద ఎక్కడ చల్లుతాం? టెర్మినల్లో వాడి శుద్ధి చేసిన నీళ్లే దిక్కు. రన్‌వే పక్కన కంకర పరిస్తే దుమ్ము అణుగుతుంది గానీ, ఒక రాయి ఎగిరి ఇంజనులో పడితే కొంప మునుగుతుంది. గరిక బాగా పట్టుకుంటుంది, నీళ్లు తక్కువ తాగుతుంది. అదీ ఏపుగా పెరిగితే పురుగులొస్తాయి, పురుగుల కోసం కొంగలొస్తాయి, కొంగ వచ్చి విమానానికి తగిలితే అది ఇంకో ప్రమాదం. కాబట్టి గరిక వేయాలి, వేళకు కోయించాలి. కంచె బయట పళ్ల చెట్లు వద్దు, పక్షులు చేరతాయి. ఎత్తు హద్దులు చూసుకుని కానుగ లాంటివి పెంచుకోవచ్చు. విస్తరణ పనుల్లో మట్టి తవ్విన చోటును అదే నెలలో కప్పేయాలని కాంట్రాక్టు కాగితంలో రాయించడం మాత్రం అన్నిటికంటే ముఖ్యం. మన ఎర్రమట్టి ఒక్కసారి విప్పి వదిలేస్తే రెండు వేసవులు ఎగురుతుంది.

కడప వాళ్లకు ప్రత్యేకంగా ఒక సంగతి. పైలట్ శిక్షణ పాఠశాలల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎంచుకున్న విమానాశ్రయాల్లో కడప పేరు ఉంది. సంతోషమే, మన పిల్లలు పైలట్లవుతారు. అయితే పిస్టన్ ఇంజన్ల శిక్షణ విమానాల్లో చాలావాటికి పోసే పెట్రోలులో ఇప్పటికీ సీసం కలుపుతారు. మన కార్ల పెట్రోలులో సీసం 2000లోనే పోయింది. సీసం పిల్లల మెదడుకు చేసే చెడుపు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కాలిఫోర్నియాలో శాంటాక్లారా కౌంటీవాళ్లు తమ చిన్న విమానాశ్రయం చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం చూసి, 2022 జనవరి నుంచి సీసం పెట్రోలు అమ్మడమే ఆపేశారు. జెట్ ఇంధనంతో నడిచే శిక్షణ విమానాలు మార్కెట్లో ఉన్నాయి. పాఠశాల ఎవరు పెట్టినా, మీ విమానాల్లో ఏ ఇంధనం పోస్తారు అని అడిగే హక్కు చుట్టుపక్కల బడులకు ఉంది. అడగాలి.

చివరగా మన బడి సంగతి. గాలి ఎట్లా ఉందో కొలవకుండా మాట్లాడితే అది రచ్చబండ మాటే. ప్రభుత్వ యంత్రాలు ఖరీదైనవి, కొద్దిచోట్లే ఉంటాయి. ఇప్పుడు కణాలు కొలిచే చిన్న పరికరాలు మన సంఘం మోయగల ఖర్చులో వస్తున్నాయి. వాటి లెక్క అంత కచ్చితం కాదు, ప్రభుత్వ యంత్రం పక్కన కొన్నాళ్లు పెట్టి సరిచూసుకోవాలి. విమానాల అతి సన్నటి కణాలను అవి పట్టలేవు. పీఎం 2.5 మాత్రం బాగానే చూపిస్తాయి. రెండు కొని ఇవ్వడానికి నేను సిద్ధం. ఒకటి మన బడి మిద్దె మీద, ఇంకోటి ఓర్వకల్లు వైపు ఒప్పుకున్న ఏదైనా ప్రభుత్వ బడి మీద. తొమ్మిదో తరగతి పిల్లలు రోజూ గాలి దిక్కు, అంకె, ఆ వేళ విమానం ఉందో లేదో నోట్సులో రాసుకోవాలి. విస్తరణ మొదలుకాకముందు రెండేళ్ల లెక్క చేతిలో ఉంటే, తర్వాత ఏం మారిందో ఎవరికైనా చూపించవచ్చు. లెక్క లేకపోతే అప్పుడూ ఇట్లాగే ఉండిందిలే అంటారు.

మన మిద్దె మీద ఎక్కడ పెట్టాలన్నది ఈరోజు సాయంత్రం చూసుకుందాం. నీళ్ల ట్యాంకు పక్కన వద్దు, తేమ తగులుతుంది. తూర్పు మూల అయితే మధ్యాహ్న భోజనం వండే షెడ్డు పొగ నేరుగా వస్తుంది. పడమటి వైపు మెట్ల గది మీద బాగుంటుందనుకుంటున్నాను. నిచ్చెన అక్కడికి అందుతుందో లేదో మన డ్రిల్లు సారును అడగాలి.